హాజరు 70 శాతమే ఉంటే సెమిస్టర్ పరీక్షలు రాయనిస్తారా?

జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ ఇంజనీరింగ్ కాలేజీ అయితే రాయనిచ్చే అవకాశం ఉంది, కానీ అది హక్కు కాదు. నిబంధన ప్రకారం ఆ సెమిస్టర్‌లోని సబ్జెక్టులన్నీ కలిపి 75 శాతం హాజరుండాలి. 65కు తగ్గకుండా 75 లోపు ఉంటే, సరైన కారణం, ముఖ్యంగా అనారోగ్యం, ఆధారాలతో చూపిస్తే కాలేజీ అకడమిక్ కమిటీ మినహాయింపు ఇవ్వవచ్చు. దానికి రుసుము కట్టాలి. 65 కన్నా తగ్గితే ఎవరి సిఫారసూ పనిచేయదు.

లెక్క పీరియడ్లలో వేసుకోండి. మొత్తం 500 జరిగితే 375 కావాలి. మీరు 350కి వచ్చారు, అంటే 25 తక్కువ. 325 కన్నా తగ్గితే డిటెయిన్ చేస్తారు: పరీక్షలుండవు, పై సెమిస్టర్‌కు పంపరు, అదే సెమిస్టర్ మళ్లీ నడిచినప్పుడు కొత్తగా నమోదు చేసుకుని చదవాలి. సాధారణంగా ఏడాది పోయినట్టే.

వైద్య ధ్రువపత్రం జబ్బు చేసినప్పుడే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. సెమిస్టర్ చివర్లో పాత తేదీలతో పుట్టుకొచ్చే పత్రాలను అధ్యాపకులు ఇట్టే పసిగడతారు. స్వయంప్రతిపత్తి కాలేజీలైతే వాటి నిబంధనల పుస్తకం వేరే ఉంటుంది, అది చూడండి.