అమ్మకి పిట్యూటరీ గడ్డ, రీసెర్చ్‌లో చేరమంటున్నారు.. చేరొచ్చా?

ప్రశ్న: మా అమ్మకి 52 ఏళ్లు. ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. ఏడాదిగా సూదిలో దారం ఎక్కించలేకపోతోంది, నడుస్తుంటే తలుపులకి భుజం కొట్టుకుంటోంది. కళ్లజోడు రెండుసార్లు మార్చినా తేడా లేదు. చివరికి ఎమ్మారై తీస్తే పిట్యూటరీలో గడ్డ ఉంది, క్యాన్సర్ కాదు గానీ కంటి నరాల్ని నొక్కుతోంది, ఆపరేషన్ చేయాలన్నారు. ఇలాంటి గడ్డల వల్ల చూపు తగ్గడాన్ని తొందరగా కనిపెట్టే రీసెర్చ్ ఆ ఆస్పత్రిలోనే జరుగుతోందట, అమ్మని చేరమంటున్నారు, పేషెంట్ల మీటింగ్‌కి కూడా రమ్మన్నారు. నాన్న మాత్రం మన మీద ప్రయోగాలు చేస్తారు, వద్దంటున్నారు. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ముందు ఆ సూది సంగతి చెప్తానమ్మా, ఎందుకంటే జబ్బు అంతా అందులోనే ఉంది. రెండు కళ్ల నరాలు మెదడు కింద ఒకచోట కలిసి, సగం పోగులు అటువి ఇటు ఇటువి అటు దాటతాయి, సరిగ్గా దాని కిందే పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. గడ్డ పెరిగి పైకి నొక్కితే ముందు ఆ దాటే పోగులే దెబ్బతింటాయి, అప్పుడు రెండు కళ్లకీ బయటి పక్క చూపు పోతుంది. దగ్గరగా సూది మొన మీద చూపు నిలిపితే దాని వెనక ఉన్నదంతా ఆ పోయిన భాగంలోనే పడుతుంది, అందుకే దారం మాయమైపోతుంది. చార్టు మీద అక్షరాలు మాత్రం మధ్య చూపుతో చదివేస్తారు, అందుకే కళ్లద్దాలు మార్చి పంపేస్తారు. ఒక కన్ను మూయించి పక్కల నుంచి వేళ్లు చూపిస్తూ ఎన్ని కనిపిస్తున్నాయో అడిగితే ఒక్క నిమిషంలో అనుమానం వచ్చేది, అది చాలా చోట్ల చేయట్లేదు, నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇది.

ఇక నాన్నగారి భయం. అది ఊరికే వచ్చింది కాదు, మీ ఖమ్మం జిల్లాలోనే 2009లో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిచింది, చాలామంది పిల్లల తరఫున తల్లిదండ్రులకి బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడి 2010లో ఆపేశారు. ఆ టీకా వేసుకున్న కొందరు పిల్లల మరణాలకి దానితో సంబంధం లేదని విచారణలో చెప్పినా, సమ్మతి తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. కాబట్టి నాన్నగారిని కోప్పడకండి, ఆయన్ని కూడా తీసుకెళ్లి ఆయన చేతే ప్రశ్నలు అడిగించండి.

మీరు రాసిన దాన్ని బట్టి ఇది కొత్త మందు ట్రయల్ కాదనిపిస్తోంది, పరీక్షలకి సంబంధించిన స్టడీలా ఉంది. సాధారణంగా వీటిలో పక్క చూపు కొలిచే ఫీల్డ్ టెస్ట్, కంటి వెనక నరం పొర మందం చూసే ఓసీటీ స్కాన్ చేసి ఎమ్మారైతో పోల్చుకుంటారు. ఓసీటీలో రేడియేషన్ లేదు, నొప్పి ఉండదు. ఆ పొర ఇంకా పలచబడకపోతే ఆపరేషన్ తర్వాత చూపు తిరిగొచ్చే అవకాశం బాగుంటుంది, అందుకే అది అమ్మకి కూడా పనికొచ్చే సంగతే.

అయినా సంతకానికి ముందు, దీని కోసం ఆపరేషన్ ఒక్క రోజైనా ఆలస్యమవుతుందా అని అడగండి, అవుతుందంటే చేరొద్దు. పేషెంట్లకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, కేవలం స్టడీ కోసం చేసే పరీక్షలకి మన దగ్గర డబ్బులు తీసుకోకూడదు కదా, దారి ఖర్చులు ఇస్తారా, ఇవీ అడగండి. సంతకం పెట్టే సమ్మతి కాగితం తెలుగులో ఉండాలి, చదివి చెప్పాలి, ఒక కాపీ మీకివ్వాలి. మధ్యలో మానేసినా వైద్యం ఆగకూడదు. ఇంకోటి, రక్తంలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎంతుందో చూశారా అని తప్పకుండా అడగండి, కొన్ని రకాల గడ్డలు మాత్రలతోనే కుంచించుకుపోతాయి.

మీటింగ్‌కి మాత్రం అమ్మని పంపండి, గట్టిగా చెప్తున్నా. నా దగ్గరికి ఒక ఆటో డ్రైవర్ వచ్చేవాడు, మసగ్గా ఉందా అని అడిగితే లేదు సార్ అనేవాడు, మేమూ ఫారంలో లేదు అనే రాసుకునేవాళ్లం. ఒకరోజు తనంతట తానే "మసక కాదు సార్, పక్క నుంచి బైకులు ఊడిపడుతున్నాయి" అన్నాడు. పోయిన చూపు నల్లగా కనపడదు, అక్కడ ఏదో లేదన్న సంగతే తెలియదు, మేమేమో మసక గురించి అడుగుతూ కూర్చున్నాం. ఏం అడగాలో పేషెంట్లకే బాగా తెలుసు. బ్రిటన్‌లో జేమ్స్ లిండ్ అలయన్స్ వాళ్లు 2013లో కంటి పరిశోధనల్లో ముందు ఏవి చేయాలో పేషెంట్లు, ఇంట్లోవాళ్లు, డాక్టర్లు కలిసి తేల్చేలా చేశారు. మన దగ్గర ఇలా పిలిచి అడగడమే అరుదు.

మీటింగ్‌లో ఫీల్డ్ టెస్ట్ గురించి కూడా అమ్మని చెప్పమనండి. గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి, మధ్య లైటునే చూస్తూ చుక్క వెలిగినప్పుడల్లా బటన్ నొక్కాలి, కాసేపటికి ఏమీ కనపడట్లేదు ఫెయిలయ్యానేమో అని గాభరా పడిపోతారు, రెండో కంటికి వచ్చేసరికి అలసిపోతారు. నిజానికి ఎవరికైనా సగం చుక్కలు అందకుండానే మిషన్ పెడుతుంది. ఈ ముక్క పేషెంట్లకి ముందే చెప్పట్లేదని ఆ స్టడీ చేసేవాళ్లకి తెలియాలి కదా.

ఈలోగా ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు తగ్గడం, ఒకటి రెండుగా కనపడడం, రెప్ప వాలిపోవడం జరిగితే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, గడ్డలో రక్తస్రావం కావచ్చు. మీటింగ్‌కి వెళ్లేలోపు కుట్టు మిషన్ దగ్గర ఏ పని ఎప్పటి నుంచి కష్టమైందో, దారం ముందా, కాజాలు ముందా, అంచు కుట్టేటప్పుడా, అమ్మని అడిగి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.