‘యాపిల్ జ్యూస్ లాంటిదే’ అన్నాను, ఆవిడ మాట్లాడటం మానేసింది

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. నాది హెచ్1బి వీసా, మా ఆవిడది దాని మీద వచ్చిన హెచ్4. రెండు వారాలకోసారి శనివారం ఐదుగురం స్నేహితులం బోర్డు గేములు ఆడతాం. ఈమధ్య మా టీమ్ లీడ్ లెయర్డ్స్ యాపిల్ బ్రాందీ తెస్తున్నారు. రౌండు ఓడినవాడు షాట్ వేయాలని రూలు. ఇంట్లో ‘యాపిల్ జ్యూస్ లాంటిదే’ అని సర్దిచెప్పాను. మొన్న అర్ధరాత్రి కారు నడుపుకుంటూ వచ్చాక ఆవిడ వాసన పట్టేసింది. అప్పట్నుంచి మాటల్లేవు. ఆట మానెయ్యాలా?

జవాబు: ఆట మానక్కర్లేదు, ఆ రూలు మానండి. ఎవరెంత తాగాలో పాచికలు తేలుస్తుంటే ఓడేవాడికే ఎక్కువ పడుతుంది, ఎక్కువ పడినవాడే మళ్ళీ ఓడతాడు. అక్కడితో గేమ్ నైట్ కాస్తా సిట్టింగ్ అయిపోతుంది.

సీసా మీద లేబుల్ చదివారా? న్యూజెర్సీలో 1780 నుంచి వ్యాపారంగా సాగుతున్న సరుకు అది. పులిసిన యాపిల్ రసాన్ని బట్టీలో కాచి ఓక్ పీపాల్లో మాగబెడతారు. ‘బ్లెండెడ్ యాపిల్‌జాక్’ అని ఉంటే యాపిల్ బ్రాందీలో న్యూట్రల్ స్పిరిట్ (రుచీ వాసనా లేని ఆల్కహాల్) కలిపినది, 40 శాతం. ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అయితే 100 ప్రూఫ్, అంటే 50 శాతం. అమెరికా లెక్కలో ఒక డ్రింకు 14 గ్రాముల ఆల్కహాల్. ఈ రెండో రకంలో 35 మిల్లీలీటర్లకే అది పూర్తవుతుంది. 750 మిల్లీలీటర్ల సీసాలో అలాంటివి 21. ఐదుగురూ ఖాళీ చేస్తే తలా నాలుగు పైనే. చేత్తో వంచేసే షాట్‌కి కొలత ఉండదు కాబట్టి మీ వాటా ఎంతో మీకే తెలియదు. లివర్ గంటకు సుమారు ఒక డ్రింకునే అరిగిస్తుంది, కాఫీ తాగినా ఆ వేగం పెరగదు.

జిగ్గర్ (మందు కొలిచే చిన్న కప్పు) కొనండి. తలా 30 మిల్లీలీటర్లు, అంతే నీళ్ళు, భోజనం అయ్యాకే. తర్వాత మూత బిగించెయ్యండి. ఉప్పూకారం ఎక్కువున్న మంచింగ్ దాహం పెంచి ఇంకో గ్లాసు అడిగిస్తుంది. గ్లాసులు బోర్డు మీద కాదు, పక్క స్టూలు మీద పెట్టండి. రంగులేసిన ఆట బొమ్మల మీద ఒలికితే ఆక్రిలిక్ పెయింటు లేచిపోతుంది, ఆ గొడవ వేరు! అలర్జీ మాత్ర వేసుకున్న రోజు అసలు ముట్టొద్దు, మత్తు ఇంకా పెరగొచ్చు. సైడర్‌ని (పులిసిన యాపిల్ రసాన్ని) ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ‘ఇంట్లోనే చేశా’ అని ఎవరైనా తెస్తే వద్దనండి. బట్టీలో మొదట వచ్చే చెడు భాగాన్ని వేరుచేసి పారబోస్తారు. గడ్డకట్టిస్తే నీళ్ళు మాత్రమే పోతాయి, మిథనాల్ అనే విషంతో సహా మిగతాదంతా చిక్కబడుతుంది.

టీమ్ లీడ్‌కి ఆట మధ్యలో వద్దంటే ఆయన్నే కాదన్నట్టుంటుంది. గురువారమే మెసేజ్ పెట్టండి: ‘అన్నా, ఈ శనివారం డ్రైవింగ్ నాదే, నాకు పొయ్యొద్దు. ఓడినవాడికి షాట్ బదులు తర్వాతి పిజ్జా బిల్లు వేద్దాం.’ డ్రైవింగ్ అన్నాక ఇక్కడ ఎవరూ బలవంతం చేయరు. ఆట మీ ఇంట్లో అయితే ఇంకో మెలిక ఉంది. తూలుతున్న అతిథికి మళ్ళీ పోసి, అతను కారుతో ఎవరినైనా గుద్దితే న్యూజెర్సీ చట్టం ప్రకారం పరిహారం మీ మెడకూ చుట్టుకోవచ్చు. మూత తీసిన సీసా ఇంటికి తెచ్చుకుంటే డిక్కీలోనే పెట్టాలి.

ఇక ఆవిడ సంగతి. ఆమె కోపం బ్రాందీ మీద కన్నా జ్యూస్ అన్న అబద్ధం మీద, ఆ డ్రైవింగ్ మీద అనిపిస్తోంది. ఆమె భయం ఉత్తది కాదు. తాగి నడిపి అరెస్టయితే చాలు, శిక్ష పడకముందే పాస్‌పోర్టులోని వీసాను అమెరికా విదేశాంగ శాఖ రద్దు చేయొచ్చు. ఇండియా వెళ్తే మళ్ళీ వీసా స్టాంపింగ్, డాక్టర్ పరీక్ష తప్పవు. ఆమె హెచ్4 మీదాని మీదే ఆధారపడి ఉంది కదా.

ఆదివారం టిఫిన్లయ్యాక కూర్చోండి. ‘అందరూ తాగుతారు’ అని మొదలుపెట్టారో, మళ్ళీ మొదటికొస్తుంది. ‘జ్యూస్ అని అబద్ధం చెప్పాను, అది అసలైన మందు, ఆ రాత్రి తాగి నడిపాను’ అని సూటిగా చెప్పి ఆగండి. ఆమె అనాల్సింది అననివ్వండి. ఇకపై బయల్దేరేముందే ఎవరింట్లో ఆట, తాగుతున్నారా లేదా, తిరిగొచ్చేది ఎవరి కారులో అన్న మూడూ చెప్పండి. తాగే రోజైతే కారు ఇంట్లోనే వదిలేసి ఉబర్‌లో వెళ్ళండి. కారు అక్కడ లేకపోతే, నడపగలనా లేదా అని అర్ధరాత్రి తేల్చుకునే పనే ఉండదు.