నెలలు నిండని బిడ్డకు వెంటిలేటర్ ఎందుకు పెట్టలేదు?

కర్నూలులో 28 వారాలకే పుట్టిన మీ అక్క కూతురికి వెంటిలేటర్ పెట్టకుండా ముక్కుకు గొట్టాలే పెట్టారని మీ టెన్షన్. అది నిర్లక్ష్యం కాదండీ, ఇప్పటి పద్ధతే.

అంత ముందుగా పుట్టినవాళ్ల ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ అనే పదార్థం చాలదు. ఊపిరి వదిలిన ప్రతిసారీ గాలి గదులు తడి ప్లాస్టిక్ కవర్‌లా అతుక్కుపోతాయి. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు ఈ జబ్బుతోనే రెండు రోజులు కూడా బతకలేదు. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తయారుచేసిన సర్ఫాక్టెంట్‌ను పిల్లలకిచ్చి ఫలితం చూపింది.

వెంటిలేటర్ ప్రాణం నిలుపుతుంది కానీ లేత ఊపిరితిత్తులను గాయపరచగలదు. అందుకే సొంతంగా ఊపిరి తీసే బిడ్డకు ముందు సీప్యాప్, అంటే గాలి గదులు మూసుకుపోకుండా ముక్కు గొట్టాల ద్వారా కొద్దిపాటి ఒత్తిడితో ఆగకుండా గాలి పంపడం. అవసరమైతే సన్నని గొట్టంతో సర్ఫాక్టెంట్ ఇస్తారు. అదీ చాలకపోతేనే వెంటిలేటర్.

పక్కన సీసాలో నీళ్లు బుడబుడలాడుతున్నాయా? అదీ సీప్యాప్‌లో భాగమే. ఆ నీళ్లలో గొట్టం 5 సెంటీమీటర్లు మునిగితే, సుమారు అంత నీటి ఒత్తిడే బిడ్డకు అందుతుంది.