గుర్రాల లారీకి ఏసీ కన్నా ముందు ఫ్లోరు, కమాన్ కట్టలు చూడండి

బెంగళూరులో యలహంక వైపు చిన్న రైడింగ్ స్కూలు, నాలుగు గుర్రాలు, వాటిని తీసుకెళ్లడానికి 17 అడుగుల పాత లారీ ఒకటి చూసి పెట్టుకున్నామన్నారు మీరు. ఏసీ పెట్టించాలా, లోపల కుషన్ ఎంత మందం వేయించాలి అని అడిగారు. ఆ రెండూ చివర్లో తేల్చుకోవచ్చండి. దారిలో కాలి కింద పట్టు తప్పితే గుర్రానికి దెబ్బలు తగులుతాయి. కాబట్టి డబ్బు ముందు ఫ్లోరు మీద, కమాన్ కట్టల (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగుల) మీద పెట్టండి.

మొదట చోటు లెక్క. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 125-ఇ ప్రకారం ఒక్కో గుర్రానికి కనీసం 2.25 చదరపు మీటర్ల శాశ్వత అర ఉండాలి. 17 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు అంటే సుమారు 11 చదరపు మీటర్లు. కాగితం మీద నాలుగు గుర్రాలూ పట్టేస్తాయి. కానీ గుర్రం మూతి నుంచి తోక దాకా నిలబడాలంటే 8 అడుగులు కావాలి. రెండు వరసలకే 16 అడుగులు పోతే సైసు, అంటే గుర్రాలను చూసుకునే మనిషి, ఎక్కడ నిలబడతాడు? ఆ బండిలో రెండు గుర్రాలను తీసుకెళ్లండి, మధ్యలో మనిషికి చోటు వదలండి. నాలుగూ ఒకేసారి పోవాల్సిందే అంటే 20 నుంచి 22 అడుగుల బాడీ చూడండి. ముందు రెండు గుర్రాలు వెనక్కి తిరిగి, వెనక రెండు ముందుకు తిరిగి, మధ్యలో నాలుగైదు అడుగుల ఖాళీ. ఆ ఖాళీకి పక్కన మనిషి తలుపు ఒకటి తప్పనిసరి.

ఇక కమాన్లు. లారీ కమాన్ కట్టలు ఆరేడు టన్నుల సరుకు కోసం పేర్చినవి. నాలుగు గుర్రాలు కలిపి రెండు టన్నులు. అంత తక్కువ బరువుతో ఆ కట్టలు వంగవు, ప్రతి గుంతా నేరుగా గిట్టల్లోకి కొడుతుంది. ఛాసిస్, బాడీ, గుర్రాలు, 200 లీటర్ల నీళ్లు, మేత, మనుషులు అన్నీ కూడితే ఏడు టన్నుల చుట్టుపక్కల తేలుతుంది. మొత్తం బరువు పరిమితి ఎనిమిది, తొమ్మిది టన్నులున్న బండి చాలు. అంతకన్నా పెద్దది చవగ్గా దొరికిందని కొనకండి. రోడ్డు పక్క మెకానిక్ "రెండు పట్టీలు పీకేద్దాం సార్" అంటే అస్సలు ఒప్పుకోవద్దు. కొన్ని బండ్లలో బరువును బట్టి వెనక బ్రేకు బలాన్ని మార్చే వాల్వు ఆ కట్టకే ముడిపడి ఉంటుంది, పట్టీ పీకితే బ్రేకు లెక్క తప్పుతుంది. టైర్లలో గాలి కూడా టైరు కంపెనీ బరువు పట్టిక చూసి పెట్టండి, నిండు లోడుకు కొట్టినట్టు కొట్టించొద్దు.

ఫ్లోరు గురించి లారీ బాడీ కట్టేవాళ్లతో గట్టిగా మాట్లాడాలి. తమిళనాడు నామక్కల్ అయినా, మన విజయవాడ ఆటోనగర్ అయినా వాళ్ల చేయి బస్తాల బండికి అలవాటు పడింది, అడగ్గానే చెకర్డ్ ప్లేటు (గళ్లు తేలిన ఇనుప రేకు) పరిచేస్తారు. ఇనుప లాడానికి ఇనుప రేకు మీద పట్టుండదు. మూత్రం పడితే సబ్బు నీళ్లు పోసినట్టే. పైగా వేడి, మోత. క్రాస్ మెంబర్లు (ఫ్లోరు కింద అడ్డంగా వేసే ఇనుప దూలాలు) అడుగుకొకటి వేయించి, వాటి మీద అంగుళమున్నర మందం గట్టి చెక్క పలకలు బోల్టులతో బిగించాలి, ఆ పైన 17 నుంచి 20 మిల్లీమీటర్ల రబ్బరు మ్యాట్లు. మ్యాట్లు ఒకదానిలో ఒకటి కొరుక్కునే రకం తీసుకోండి. విడిగా పరిస్తే అంచు లేచి గిట్ట ఇరుక్కుంటుంది. ఫ్లోరుకు వెనక వైపు కాస్త వాలు పెట్టి, చివర నీరు కారడానికి సందు వదలండి. మూత్రం చెక్కనీ ఇనుమునీ కూడా తినేస్తుంది, అది పైకి కనపడదు. నెలకోసారి మ్యాట్లెత్తి స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. మెత్తగా దిగితే ఆ పలక ఆ రోజే మార్చేయండి.

ఒక్క బ్రేకుకు లోపల ఏమవుతుందో చూడండి. హోసూరు రోడ్డులో 35లో పోతున్న బండికి ఆటో అడ్డం వచ్చింది, డ్రైవరు గట్టిగా తొక్కాడు. ముందుకు చూస్తూ నిలబడ్డ గుర్రం బరువంతా ముందుకాళ్ల మీద పడుతుంది. కాళ్లు ఎడంగా పెట్టి నిలదొక్కుకోవడమే దానికి తెలుసు. పార్టిషన్ నేలదాకా మూసేసి ఉంటే కాలు పక్కకు జరపడానికి చోటే లేదు. రొమ్ము అడ్డపైపుకు గుద్దుకుంటుంది, వెనకకాళ్లు జారతాయి, కూలబడుతుంది. గుర్రం లేవాలంటే మెడ చాచి ముందుకాళ్లు ముందుకు పెట్టాలి. తలను గొలుసుతో పొట్టిగా కట్టి ఉంటే లేవలేక తన్నుకుంటుంది, పక్కది బెదిరి అదీ తన్నడం మొదలుపెడుతుంది. అందుకే పార్టిషన్ కింద రెండడుగులు ఖాళీ వదిలి అక్కడ రబ్బరు పట్టా వేలాడదీయాలి. పార్టిషన్ పిన్నులు గుర్రం ఆనుకుని ఉన్నా ఒక్క చేత్తో ఊడిరావాలి. తాడును నేరుగా కడ్డీకి కాకుండా జనపనార పురికొస ముడికి కట్టాలి, ప్రాణం మీదికొస్తే అది తెగుతుంది. సైసు దగ్గర కత్తి ఉండాలి. వెనక్కి తిరిగి నిలబడ్డ గుర్రం ఇలాంటి బ్రేకును పిరుదులతో ఆపుకుంటుంది కాబట్టి నా ఓటు ఆ పద్ధతికే.

కుషన్ సంగతి ఇప్పుడు. స్పాంజీ మీద రెక్సిన్ అతికిస్తే నాలుగు తన్నులకు చిరుగుతుంది. పక్కల నాలుగడుగుల ఎత్తు వరకూ ప్లైవుడ్, దాని మీద 10 మిల్లీమీటర్ల రబ్బరు చాలు. పని అయ్యాక లోపలంతా వట్టి అరచేత్తో రుద్ది చూడండి. చేతికి గీసుకున్న బోల్టు రేపు గుర్రం కంటికీ గీసుకుంటుంది.

ర్యాంపు దగ్గర చాలామంది ఏమారతారు. ఫ్లోరు నేల నుంచి మూడున్నర అడుగుల పైనే ఉంటుంది. ఏడడుగుల వెనక డోరునే ర్యాంపుగా దించితే వాలు 30 డిగ్రీలు. యూరప్ నియమాల్లో గుర్రాలకు 20 డిగ్రీలే హద్దు. దానికి పదడుగులకు పైగా పొడవు కావాలి, అంటే మడత ర్యాంపు. లేదంటే మీ ఆవరణలో మట్టి దిబ్బ కట్టి బండిని దానికి ఆనించండి. ర్యాంపు మీద కొబ్బరి పీచు మ్యాటు, అడుగుకొక అడ్డపట్టీ, రెండు పక్కలా గేట్లు. లోపల తెల్ల రంగు, లైటు ఉండాలి. చీకటి గుహలోకి గుర్రం అడుగు పెట్టదు.

ఏసీ అక్కర్లేదు. లోపలి ఎత్తు ఏడున్నర అడుగులు, తలకు పైన రెండు వైపులా తెరుచుకునే కిటికీలు, రెండు పొరల కప్పు, బండి ఆగినప్పుడు తిరిగే 24 వోల్టుల ఫ్యాన్లు చాలు. చెన్నై మే నెల ఎండకైతే రాత్రి బయల్దేరండి. పొగ గొట్టం మాత్రం కిటికీల వైపు ఊదకుండా తిప్పించండి. తాడు కూడా తల కిందికి దించగలిగేంత వదులుండాలి. తల ఎత్తి కట్టేసి గంటల తరబడి తీసుకెళ్తే ముక్కులో చేరిన దుమ్ము, చీమిడి ఊపిరితిత్తుల్లోకి దిగి, చేరాక రెండు మూడు రోజులకు జ్వరం వస్తుంది. నాలుగు గంటలకోసారి ఆపి నీళ్లు చూపించండి.

బాడీ మార్పును ఆర్సీలో ఎక్కించడానికి ఆర్టీవో అనుమతి పని మొదలుపెట్టక ముందే తీసుకోండి. 1978 జంతు రవాణా నియమాల ప్రకారం ప్రయాణానికి పశువైద్యుడి సర్టిఫికెట్ కావాలి, వేగం గంటకు 35 కిలోమీటర్లు దాటకూడదు. బెంగళూరు నుంచి చెన్నైకి 350 కిలోమీటర్లు, ఆగకుండా పోయినా పది గంటలు, ఆగే సమయంతో కలిపి అంతకన్నా ఎక్కువే పెట్టుకోండి. మన బెంగళూరులో రంగు వేయని హంపులు వీధికి మూడున్నాయి. రాత్రిపూట అవి డ్రైవరుకు కనపడవు, ముందు ఎగిరేది గుర్రమే. వాటికి తెల్ల గీతలైనా గీయకపోవడం ఘోరం.

గుర్రాలను ఎక్కించే ముందు, వాటి బరువుకు సరిపడా ఇసుక బస్తాలు అరల్లో వేసి, డ్రైవరును మీ వీధుల్లో తిప్పమనండి. గుర్రం నిలబడే చోట మీరు ఏదీ పట్టుకోకుండా అరగంట నిలబడండి. ఎక్కడ తూలితే అక్కడ బండినో డ్రైవరునో సరిచేయాలి.