చూపు తగ్గిన అమ్మకు లేని పిల్లలు కనిపిస్తున్నారు.. ఎందుకు?

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. రెటీనా మధ్యభాగం (మాక్యులా) దెబ్బతిని రెండు కళ్లకూ చూపు బాగా తగ్గింది. మూడు నెలలుగా సాయంత్రం పూట అరుగు మీద రంగురంగుల బట్టలేసుకున్న పిల్లలు కూర్చున్నారని, గోడ మీద ముగ్గులు కదులుతున్నాయని చెబుతోంది. ‘అక్కడెవరూ లేరని నాకూ తెలుసే, అయినా కనిపిస్తున్నారు’ అంటుంది. మాటా మతీ బాగానే ఉన్నాయి. చుట్టాలేమో గాలి సోకింది, తాయెత్తు కట్టించమంటున్నారు. అమ్మకు పిచ్చి పడుతోందా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ‘అక్కడెవరూ లేరని నాకూ తెలుసు’ అని అమ్మగారు అన్నారు చూడండి, మీ ఉత్తరంలో నాకు ధైర్యమిచ్చిన మాట అదే. మీరు రాసిన దాన్ని బట్టి ఇది చార్లెస్ బోనె సిండ్రోమ్ అయ్యే అవకాశం ఎక్కువ. పిచ్చి కాదు, గాలీ ధూళీ కాదు. చూపు బాగా తగ్గిన పెద్దవాళ్లలో వచ్చేదే.

చూడటమంతా కంటి పనే అనుకుంటాం. నిజానికి కన్ను చేసేది కొంతే. రెటీనా మీద పడిన వెలుతురు సంకేతాలుగా మారి, సుమారు పది లక్షల పోగులున్న నరం గుండా మెదడు వెనక భాగానికి వెళ్తుంది. అది ముఖమా, చెట్టా అని తేలేది మెదడులోనే. సమాచారం అందని చోట మెదడు తనే పూరిస్తుంది కూడా. ఆ నరం కంట్లోంచి బయటికి వెళ్లే చోట మనందరికీ చూపు లేని చుక్క ఒకటుంది. అయినా ఒక కన్ను మూసుకుని చూసినా ఎక్కడా చిల్లు కనిపించదు.

అమ్మగారి కంటి నుంచి మెదడుకు రావలసింది ఇప్పుడు చాలావరకు ఆగిపోయింది. అక్కడి కణాలు మాత్రం ఊరుకోవు, వాటంతటవే బొమ్మలు కడతాయి. కాలు తీసేసిన మనిషికి లేని పాదంలో దురద పుట్టడం లాంటిదే ఇదీ. 1998లో లండన్ పరిశోధకులు ఇలాంటివారికి బొమ్మలు కనిపిస్తున్న సమయంలోనే మెదడు స్కాన్ తీశారు. ముఖాలు కనిపించినప్పుడు ముఖాలను గుర్తుపట్టే భాగం, రంగులు కనిపించినప్పుడు రంగులకు సంబంధించిన భాగం చురుగ్గా ఉన్నాయి. కాబట్టి అమ్మగారు కల్పించి చెప్పడం లేదు, ఊహించుకోవడమూ లేదు. ఆమెకు ఆ పిల్లలు నిజంగానే కనిపిస్తున్నారు.

ఇది కొత్త జబ్బేమీ కాదు. దాదాపు 90 ఏళ్ల తన తాతగారికి చూపు తగ్గాక మనుషులు, పక్షులు, బండ్లు, భవనాలు కనిపించేవని స్విట్జర్లాండ్‌కు చెందిన చార్లెస్ బోనె 1760లోనే రాశారు. ఆ తాతగారి బుద్ధి చక్కగానే ఉండేది.

తాయెత్తు కడితే పోయేదేముంది అంటారు. నాకు మాత్రం అభ్యంతరమే. అది కడితే ‘నీలో ఏదో చేరింది’ అని అమ్మగారికి చెప్పినట్టే. పిచ్చి అంటారేమోనన్న భయంతో చాలామంది పెద్దవాళ్లు ఈ సంగతి కన్నపిల్లలకు కూడా చెప్పరు. అమ్మగారు మీకు చెప్పుకున్నారు. ‘అదేం లేదు, ఊరుకో’ అనకండి. ఏం కనిపించిందో అడిగి, ఓపిగ్గా వినండి.

మసక వెలుతురులో, ఒంటరిగా ఉన్నప్పుడు ఇవి ఎక్కువ. పొద్దు వాలకముందే అరుగు మీద లైటు వేయండి. బొమ్మలు కనిపించగానే కళ్లు గట్టిగా మూసి తెరవమనండి, చూపు కుడికీ ఎడమకూ తిప్పమనండి, లేదా లేచి నాలుగడుగులు వేయమనండి. ఏడాది, ఏడాదిన్నరలో చాలామందికి తగ్గుముఖం పడతాయి. కొందరికి ఇంకా ఎక్కువ కాలమే ఉంటాయి. మందులు వాడాల్సి రావడం అరుదు.

అయితే డాక్టరుకు చూపించకుండా ఉత్తరం చూసి తేల్చేయకూడదు. కంటి డాక్టరును కలవండి. శుక్లాలు కూడా ఉంటే తీయించడం వల్ల మేలు జరగవచ్చు. హైదరాబాద్‌లోని ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల, మిగిలిన చూపును బాగా వాడుకోవడం నేర్పే విభాగాలున్నాయి. ఆ పిల్లలు మాట్లాడుతున్నారన్నా, నిజంగానే ఉన్నారని వాదించినా, మతిమరుపు, చేతుల వణుకు, నడకలో మందకొడితనం కనిపించినా న్యూరాలజిస్టుకు చూపించాలి. ఉన్నట్టుండి తికమక పడుతుంటే మాత్రం ఆగకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మాత్రలు కూడా పెద్దవాళ్లలో ఇలా చేస్తాయి. వెళ్లేటప్పుడు నిద్రమాత్రలతో సహా ఆమె వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని పట్టుకెళ్లండి.