సీజన్ మధ్యలో ఫ్రీ ఏజెంట్‌ను తీసుకునే ముందు నేను ఏం చూస్తాను

నిజమైన ఆటగాళ్ళతో ఊహాజట్టు కట్టి వాళ్ళ గణాంకాలతో పోటీపడే ఫ్యాంటసీ బేస్‌బాల్‌లో, పన్నెండు జట్ల మీ ఆఫీసు లీగ్‌లో ఇది మీ మొదటి సీజన్ అనీ, జూన్ మధ్యకు వచ్చేసరికి మీ అవుట్‌ఫీల్డర్ ఒకరు ఫామ్ కోల్పోయాడనీ, గత రెండు వారాల్లో ఆరు హోమ్ రన్‌లు (బంతి మైదానం దాటే దెబ్బలు) కొట్టిన బ్యాటర్ ఒకడు ఎవరి జట్టులోనూ లేని ఫ్రీ ఏజెంట్ల జాబితాలో ఇంకా మిగిలి ఉన్నాడనీ రాశారు. అతణ్ణి తీసుకోవాలా వద్దా అన్నది మీ ప్రశ్న. నేను అమెరికా వచ్చాక ఈ ఆటను ఇష్టపడి నేర్చుకుని, చాలా ఏళ్లుగా ఇటువంటి లీగ్‌లలోనే ఆడుతున్నాను. నా అనుభవంలో ఈ ప్రశ్నకు జవాబు ఆ ఆరు హోమ్ రన్‌లలో దొరకదు. అవి కొట్టక ముందుకూ ఇప్పటికీ ఆ ఆటగాడి విషయంలో ఏం మారిందో తెలిస్తేనే జవాబు దొరుకుతుంది.

పాతవే అయినా బాగా తెలిసిన రెండు ఉదాహరణలు చెబుతాను. 2006 ఏప్రిల్‌లో డెట్రాయిట్ టైగర్స్ ఫస్ట్ బేస్ ఆటగాడు క్రిస్ షెల్టన్ మొదటి 13 ఆటల్లో 9 హోమ్ రన్‌లు కొట్టాడు. ఆ వేగానికి మూలమైన మార్పేదీ అతని ఆటలో రాలేదు. ఆ ఏడాది అతని మొత్తం 16 దగ్గరే ఆగిపోయింది, జూలై 31న జట్టు అతణ్ణి మైనర్ లీగ్‌కు పంపేసింది. అదే టైగర్స్ జట్టుకు 2014లో జె.డి. మార్టినెజ్ వచ్చాడు. ఆ మార్చిలోనే హ్యూస్టన్ ఆస్ట్రోస్ వదిలేసిన ఆటగాడు కావడంతో అతని పాత గణాంకాలను మాత్రమే చూసినవారెవరికీ అతనిపై ఆసక్తి కలగలేదు. అయితే అతను అంతకుముందు శీతాకాలంలో తన స్వింగ్‌ను మొదటి నుంచీ తిరిగి నిర్మించుకున్నాడు, మైనర్ లీగ్‌లో అప్పటికే దాని ఫలితం కనిపిస్తోంది. ఆ ఏడాది అతను 0.315 బ్యాటింగ్ సగటుతో (వెయ్యి అవకాశాలకు 315 హిట్‌ల చొప్పున) 23 హోమ్ రన్‌లు కొట్టాడు. మొదటి కొన్ని వారాల అంకెలను మాత్రమే పక్కపక్కన పెడితే ఈ ఇద్దరిలో నిలిచేది ఎవరో చెప్పడం కష్టం. కారణం వెతికినవారికే ఆ తేడా కనబడుతుంది.

కారణాన్ని వెతకడానికి నేను ముందుగా స్ట్రైకౌట్‌ల (మూడు స్ట్రైక్‌లతో అవుటవడం) శాతం చూస్తాను, ఎందుకంటే బ్యాటర్ గణాంకాలలో చాలా ముందుగా నిలకడకు వచ్చేవాటిలో అది ఒకటి. సుమారు 60 సార్లు బ్యాటింగ్‌కు వచ్చేసరికి అది కొంత నమ్మదగిన సంగతి చెబుతుందని విశ్లేషకులు లెక్కకట్టారు. వాక్‌ల (నాలుగు తప్పు బంతులకు ఉచితంగా బేస్ దొరకడం) శాతానికి దాదాపు దానికి రెట్టింపు అవకాశాలు కావాలి. బ్యాటింగ్ సగటు విషయంలో మాత్రం ఒక పూర్తి సీజన్ కూడా చాలదు. మైదానంలో పడిన బంతుల్లో ఎన్ని హిట్‌లు అయ్యాయో చెప్పే బ్యాబిప్ అనే లెక్క లీగ్ మొత్తానికి 0.300 దగ్గర ఉంటుంది. మీరు చూస్తున్న ఆటగాడిది రెండు వారాలుగా 0.420 ఉంటే, ఫీల్డర్ల మధ్య ఖాళీలు అతనికి ఎక్కువగా దొరికాయని అర్థం చేసుకోవడమే మంచిది. దానికి తోడు, 2015 నుంచి అన్ని మేజర్ లీగ్ మైదానాల్లోనూ ఉన్న, బంతి కదలికను కొలిచే స్టాట్‌క్యాస్ట్ వ్యవస్థ గంటకు 95 మైళ్ళు దాటిన బలమైన దెబ్బలనూ, సరైన వేగంతో సరైన కోణంలో లేచే బ్యారెల్‌లనూ అందరికీ ఉచితంగా చూపిస్తోంది. స్ట్రైకౌట్‌లు తగ్గి, బలమైన దెబ్బలు పెరిగి, స్ట్రైక్ జోన్ (బ్యాటర్ కొట్టాల్సిన పరిధి) బయటి బంతులను వెంటాడడం కూడా తగ్గితే, నేను ఇంకే ఆలోచనా లేకుండా అతని కోసం నా సీజన్ బడ్జెట్‌లోంచి బిడ్ వేస్తాను.

నైపుణ్యం మారకపోయినా అవకాశం మారవచ్చు. కొత్తగా ఆడేవారు దీనిని తక్కువగా చూస్తారని నాకు అనిపిస్తుంది. 2018 జూలై చివరిలో సెయింట్ లూయిస్ నుంచి యాంకీస్‌కు ట్రేడ్ అయిన లూక్ వోయిట్ ఆగస్టు చివరికి ఫస్ట్ బేస్ స్థానాన్ని సంపాదించుకుని, ఆ జట్టు తరఫున 39 ఆటల్లో 14 హోమ్ రన్‌లు కొట్టాడు. 2019లో సిన్సినాటి రెడ్స్ యాసియెల్ పుయిగ్‌ను ట్రేడ్ చేయగానే ఖాళీ అయిన రైట్ ఫీల్డ్‌లోకి అరిస్టీడెస్ అకీనో వచ్చి ఒక్క ఆగస్టులోనే 14 హోమ్ రన్‌లు కొట్టాడు. సెప్టెంబరులో మాత్రం అయిదే కొట్టాడు, సగటు 0.200 కిందికి పడిపోయింది. దీనిని బట్టి అకీనోను తీసుకోవడం తప్పని నేను అనను. మీ ఆట ఒక్క సీజన్‌కే పరిమితం కనుక ఒక నెల ప్రయోజనం కూడా నిజమైన ప్రయోజనమే. అయితే బంతి విసిరే పిచ్చర్లు అతని బలహీనతను కనిపెట్టాక స్ట్రైకౌట్‌లు పెరుగుతాయి, ఆ సంకేతం రాగానే వదలగలిగే నిబ్బరం మీకు ఉండాలి.

జూలై నెలాఖరు ట్రేడ్ గడువు దగ్గర క్లోజర్ల (చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ వేసే పిచ్చర్ల) విషయంలోనూ ఇదే జరుగుతుంది. 2016లో యాంకీస్ అరోల్డిస్ చాప్‌మన్‌నూ ఆండ్రూ మిల్లర్‌నూ ఇచ్చేయడంతో అక్కడ సేవ్‌లు (జట్టు ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడిన పిచ్చర్ ఖాతాలో పడే అంకె) డెలిన్ బెటాన్సెస్‌కు దక్కాయి, క్లీవ్‌లాండ్‌కు వెళ్ళిన మిల్లర్‌కు మాత్రం తొమ్మిదో ఇన్నింగ్స్ ఎక్కువగా దక్కలేదు. అందువల్ల ఓడుతున్న జట్టులో ఎనిమిదో ఇన్నింగ్స్ వేస్తున్న మంచి రిలీవర్‌ను (ఆట మధ్యలో వచ్చే పిచ్చర్‌ను) గడువుకు వారం ముందే తీసి పెట్టుకోవడం నాకు అలవాటు.

ఇక వదలబోయే ఆటగాడి సంగతి. ఫామ్ కోల్పోయిన మీ అవుట్‌ఫీల్డర్‌కు కూడా సరిగ్గా ఇవే పరీక్షలు పెట్టండి. అతను బంతిని మునుపటంత బలంగానే కొడుతూ, బ్యాబిప్ మాత్రమే 0.220కి పడిపోయి, బ్యాటింగ్ ఆర్డర్‌లో అదే స్థానంలో ఉంటే, అతణ్ణి వదలకండి. మీరు వదిలిన మరుసటి బిడ్డింగ్‌లోనే మరొకరు తీసుకుంటారు, అది చాలా బాధాకరంగా ఉంటుంది. అటువంటప్పుడు బెంచిలోని అయిదో స్టార్టర్‌నో (ఆట మొదలుపెట్టే పిచ్చర్‌నో), రెండో క్యాచర్‌నో వదలడం మేలు.

మీది ఒక్కో గణాంకంలో జట్లకు స్థానాలిచ్చి పాయింట్లు కలిపే రోటిసరీ పద్ధతి లీగ్ అయితే పట్టికను కూడా చూడాలి. సగం సీజన్ గడిచాక జట్టు బ్యాటింగ్ సగటునూ ఈఆర్ఏనూ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచ్చర్లు ఇచ్చే పరుగుల సగటునూ) కదిలించడం చాలా కష్టం, ఎందుకంటే వేల బంతుల బరువు వాటి వెనుక ఉంటుంది. హోమ్ రన్‌లు, స్టీల్స్ (పరుగెత్తి తర్వాతి బేస్‌ను దొంగిలించడం), సేవ్‌లు వంటి లెక్కించే అంశాల్లో మాత్రం రెండు మూడు మెట్లు ఎక్కే అవకాశం ఆగస్టులో కూడా ఉంటుంది. స్టీల్స్ విలువ మాత్రం పాత సలహాల్లో రాసినంత లేదు. 2023లో పిచ్చర్‌కు సమయం పరిమితం చేసే పిచ్ క్లాక్, పెద్ద బేస్‌లు వచ్చాక లీగ్ మొత్తం స్టీల్స్ అంతకుముందు ఏడాది 2,486 నుంచి 3,503కి పెరిగాయి కనుక, కేవలం పరుగెత్తగలడన్న ఒక్క కారణంతో ఎవరికీ పెద్ద బిడ్ వేయనవసరం లేదు.

సీజన్‌కు వంద డాలర్ల బడ్జెట్‌లో మీ దగ్గర ఇంకా 70 మిగిలాయని రాశారు. అక్టోబరులో ఆ డబ్బుకు ఏ విలువా ఉండదు. జూన్‌లో తీసుకున్నవాడు మూడు నెలలకు పైగా ఉపయోగపడతాడు, సెప్టెంబరులో తీసుకున్నవాడు మూడు వారాలకే. మీరు చెప్పిన బ్యాటర్ స్ట్రైకౌట్‌ల శాతం నిజంగా తగ్గి ఉంటే 18 నుంచి 22 డాలర్ల వరకూ పెట్టండి. అది తగ్గకుండా హోమ్ రన్‌లు మాత్రమే పెరిగి ఉంటే నాలుగైదు డాలర్లు దాటవద్దు. బిడ్‌లు ఆదివారం రాత్రి తెరుస్తారు కనుక, ఈలోగా ఎడమచేతి పిచ్చర్ వేసే రోజున కూడా మేనేజర్ అతణ్ణి ఆడిస్తున్నాడో లేదో ఒకసారి చూడండి. అలాంటి రోజుల్లో బెంచి మీద కూర్చోబెడుతున్నట్టయితే, వారానికి ఒకసారే జట్టును ఖరారు చేసే మీ లీగ్‌లో అతని విలువ నేను పైన చెప్పిన మొత్తంలో సగమే.