బరువు ఎక్కడ కోశారో చూసి కొను

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు ఫొటోలూ చూశాను. రెండూ నైకీ కంపెనీ ఎయిర్ ఫోర్స్ వన్ బూట్లే. ఒకటి పాత తోలు రకం, ఇంకొకటి అల్లిక బట్టతో చేసిన తేలిక రకం. ఏది కొనమంటారని అడిగావు. బూట్ల దుకాణంలో కౌంటరు వెనక ఇన్నేళ్లు నిలబడినవాణ్ణి అడిగావు కనుక జవాబు కాస్త పొడుగ్గానే వస్తుంది, ఓపిక పట్టు.

ఈ బూటు 1982లో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల కోసం పుట్టింది. ఎగిరి దూకితే మడమ అదరకుండా సోలులో గాలి సంచి, పాదం పక్కకు ఒరగకుండా చుట్టూ మందపాటి రబ్బరు, పైన తోలు. బరువంతా వీటిదే. 2016లో అల్ట్రా ఫ్లైనిట్ పేరుతో తేలిక రూపం తెచ్చినప్పుడు, పాతదానిలో సగం బరువేనని కంపెనీ చెప్పుకుంది. ఆ సగం ఊరికే మాయం కాదు కదా, ఎక్కడో కోత పడాలి. పైన తోలు తీసేసి, పరుగు బూట్ల కోసం 2012లో తెచ్చిన అల్లికను వేశారు. ఇలాంటి తేలిక రకాల్లో మామూలుగా కింద కూడా రబ్బరు తగ్గించి, ఫోము పెంచి, బాగా అరిగేచోట మాత్రం రబ్బరు ముక్కలు అంటిస్తారు. అడిడాస్ వాళ్ల తోలు బూటు స్టాన్ స్మిత్‌కూ అల్లిక రూపం వచ్చింది. కథ అదే.

తేలిక వల్ల లాభం లేదనను. ఒక్కో బూటుకు వంద గ్రాములు పెరిగితే పరుగులో ఖర్చయ్యే శక్తి దాదాపు 1 శాతం పెరుగుతుందని లెక్కగట్టారు. కానీ నువ్వు పరుగెత్తేదెక్కడ? మారతహళ్లి నుంచి ఆఫీసుకు బైకు మీద వెళ్తావు, సాయంత్రం టీ దుకాణం దాకా నడుస్తావు. అంతకోసం తోలు వదులుకోవాలా?

అసలు చిక్కు బైకుతోనే. ఇప్పుడు వేసుకుంటున్న ఎడమ బూటు తీసి, బొటనవేలి పైభాగం ఒకసారి చూడు. గేరు లివరు రాసుకుని నల్లటి మచ్చ పడి ఉంటుంది. తోలైతే తడిబట్టతో తుడిస్తే చాలావరకు పోతుంది. అల్లిక అయితే అక్కడే పోగు లేస్తుంది, లేచిన పోగు చిన్న కన్నమవుతుంది. వేలు కనపడుతున్న బూటును మళ్లీ మామూలుగా చేసే మొనగాడు నాకింతవరకు తగల్లేదు.

అందుకని నా మాట: పైన తోలు ఉండి, సోలు మాత్రం తేలిక చేసిన రకం వెతుకు. దుకాణంలో పెట్టె తెరవగానే బూటు తిరగేసి అడుగున గోటితో నొక్కు. గుంట పడితే ఫోము, పడకపోతే రబ్బరు. మడమ వెనక బయటి అంచున రబ్బరు లేకపోతే అక్కడే పెట్టి వచ్చేయి. మనలో చాలామందికి సోలు మొదట అరిగేది అక్కడే. పైగా వాన పడ్డాక మన బెంగళూరు కాలిబాటల రాతిపలకల మీద నున్నటి ఫోము ఎంత జారుతుందో నీకు వేరే చెప్పాలా? తరవాత మడమ చుట్టూ ఉన్న గట్టి అట్టను బొటనవేలితో అదుము. మెత్తగా లోపలికి పోతే మడమకు పట్టుండదు. బూటును రెండు చేతులతో వంచి చూడు, వేళ్ల దగ్గర వంగాలి. నడిమధ్య మడత పడితే వద్దు. సేల్స్ కుర్రాడు "దూదిలా ఉంది సార్" అంటాడు, అననీ. వాడి ఉద్యోగం అది.

అల్లిక బూటు మీదే మనసు పడితే, సాగుతుంది కదా అని బిగుతు సైజు తీసుకోవద్దు. ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాల్సిందే. తడిస్తే లోపలి అట్ట తీసి, పాత పేపరు కుక్కి, నీడలో ఆరబెట్టు. హెయిర్ డ్రయ్యరు దగ్గరికి తీసుకెళ్లకు, వేడికి జిగురు వదులుతుంది. తెల్లవాటిని ఎండలో పెడితే పసుపెక్కుతాయి.

పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, చూడు. తగ్గింపు ధరల దుకాణాల్లో ఏళ్ల తరబడి మూల పడి ఉన్న జతలు దొరుకుతుంటాయి. సోలు అంటించిన చోట జిగురు వదిలిందేమో వేలితో తడిమి చూడకుండా డబ్బు కట్టకు.

శనివారం సాయంత్రం ఖాళీ అయితే ఫోను చెయ్యి, నేనూ వస్తాను. పొద్దున వద్దు, సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది, సైజు అప్పుడే చూడాలి. ఆఫీసుకు వేసుకునే సాక్సులతోనే రా.

మీ మామయ్య